బతుకమ్మ ఫ్లెక్స్‌కు ఉచితంగ వాడుకోదగ్గ బొమ్మలు ఎక్కడ దొరుకుతయి?

గడియారం_నల్గొండ:
అన్నలూ, అక్కలూ, ఒక కాలనీ వాళ్లది బతుకమ్మ ఫ్లెక్స్ ఉంది, 10 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు. దాంతోపాటే ఒక బట్టల షాపుకు దసరా పాంప్లెట్. గూగుల్‌ల దొరికిన ఫొటో తెచ్చి అతికించే పని వద్దనుకుంటున్న. పైసలు కట్టకుండ, రేపు ఎవరూ వచ్చి అడగకుండ వాడుకునే ఫొటోలు, అంచు డిజైన్లు ఎక్కడ తీస్కోవాలె? అన్‌స్ప్లాష్ అనే ఉచిత ఫొటోల సైట్ల బతుకమ్మ అని కొడితే సరిపోయేవి దొరుకుత లేవు. ఫొటోషాప్, కోరెల్ రెండూ ఉన్నయి.

తంగేడు_కొమ్మ:
ముందుగాల సైజు లెక్క చూసుకో తమ్మీ. 10 అడుగులంటే 120 అంగుళాలు. 6000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోను అంతకు సాగదీస్తే అంగుళానికి 50 పడతయి, రోడ్డు మీదినుంచి చూసే ఫ్లెక్స్‌కు గది చాలు. వాట్సప్‌ల వచ్చిన 1600 పిక్సెళ్ల ఫొటో అయితే అంగుళానికి 13 మాత్రమే, మొఖాలు గడులు గడులుగ కనిపిస్తయి. ఎవరన్న ఫొటో పంపిస్తే డాక్యుమెంట్‌గ పంపమను, అప్పుడు సైజు తగ్గదు. పాంప్లెట్‌కు మాత్రం అంగుళానికి 300 పిక్సెళ్లు లేనిది నడవదు, అది చేతిల పట్టుకొని చూసేది.

ఇగ వెతుకుడు. మన పండుగ పేరుతోని కాదు, పువ్వు పేరుతోని వెతుకు. తంగేడుకు సెన్నా ఆరిక్యులేటా, గునుగుకు సెలోషియా అర్జెంటియా, బంతికి మారిగోల్డ్ అని ఇంగ్లీషుల కొట్టు. వికీమీడియా కామన్స్ అనే ఉచిత ఫొటోల సైట్ల శాస్త్రీయ నామాలతోనే ఫొటోలు పేర్చి ఉంటయి కాబట్టి అక్కడ ఇది బాగ పనిచేస్తది. విడి పువ్వులు దొరికినంక బతుకమ్మను నువ్వే వరుసలు వరుసలుగ పేర్చుకోవచ్చు: కింద వెడల్పు, పైకి పోయే కొద్దీ సన్నగ, కొసకు పసుపు గౌరమ్మ. ‘ఇండియన్ ఫ్లవర్ ఫెస్టివల్’ అని కొడితే వచ్చేటివి చానా మటుకు కేరళ ఓణం పూక్కళాలు. అవి నేల మీద చదునుగ ఉంటయి. అది తెచ్చి పెట్టినవో, కాలనీల ఆడోళ్లు మొదటి చూపులనే పట్టేస్తరు.

ఏఐ బొమ్మలు కూడ కలిసి వస్తున్నయి. పిక్సాబే, ఫ్రీపిక్ సైట్లు రెండింట్ల వాటిని పక్కకు పెట్టే ఫిల్టర్ ఉంది, అది నొక్కు. దగ్గర్నుంచి చూస్తే గునుగు కంకి పోయి బంతి రెక్కల కలిసిపోయి ఉంటది, ఫ్లెక్స్ సైజుకు పెంచితే ఇంక బయటపడ్తది.

ఛాయా_సోమేశ్వర:
పై సమాధానానికి లైసెన్స్ సంగతి కలుపుతున్నాను. సైటు ఉచితం అని కాదు, ఆ ఒక్క బొమ్మ ఏ షరతు మీద ఉందో చూడాలి.

అన్‌స్ప్లాష్, పెక్సెల్స్, పిక్సాబే మూడింటిలోనూ వ్యాపారానికి వాడుకోవచ్చు, పేరు వేయడం తప్పనిసరి కాదు. ఉన్నది ఉన్నట్టు పోస్టర్‌గా అచ్చేసి అమ్మకూడదు. పిక్సాబే అంతా సీసీ జీరో (సీసీ అంటే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్, జీరో అంటే ఏ షరతూ లేనిది) అని ఇప్పటికీ చాలామంది రాస్తుంటారు, 2019 నుంచి ఆ సైటుకు సొంత లైసెన్స్ ఉంది. వెతికినప్పుడు కనిపించే ‘స్పాన్సర్డ్’ బొమ్మలు ప్రకటనలు, నొక్కితే డబ్బు కట్టే సైటుకు తీసుకెళ్తాయి. అన్‌స్ప్లాష్‌లో ప్లస్ గుర్తున్నవి కూడా చందా కట్టినవాళ్లకే.

కామన్స్‌లో ప్రతి ఫొటో కింద లైసెన్స్ రాసి ఉంటుంది. సీసీ బై అంటే తీసినవాళ్ల పేరు వేయాలి. దాని వెనుక ఎస్‌ఏ ఉంటే, ఆ ఫొటోను మార్చి చేసిన డిజైన్‌ను కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. బట్టల షాపు వాళ్లు దీనికి ఒప్పుకోవడం కష్టం కాబట్టి పాంప్లెట్‌కు ఎస్‌ఏ జోలికి పోకండి. కామన్స్ బయట, ఓపెన్‌వర్స్‌లాంటి చోట్ల వెతికితే ఎన్‌సీ, ఎన్‌డీ కూడా తగులుతాయి. ఎన్‌సీ వ్యాపారానికి పనికిరాదు, ఎన్‌డీ అయితే మార్చి వాడకూడదు.

దేవుళ్ల బొమ్మల్లోనే ఎక్కువమంది దొరికిపోతారు. క్యాలెండర్‌లో అమ్మవారి బొమ్మ ఎవరో చిత్రకారుడు వేసిందే. మన చట్టం ప్రకారం ఆయన పోయాక 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. రాజా రవివర్మ 1906లో పోయారు, ఆయన లక్ష్మి, సరస్వతి నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. కామన్స్‌లో పెద్ద సైజువి ఉన్నాయి.

గడియారం_నల్గొండ:
పువ్వుల పేర్లు చూసిన, పని అయ్యేటట్టుంది. అంచు డిజైన్లకు ఫ్రీపిక్ తీస్కోవచ్చా? ఇంకోటి, వెనక ఏమీ లేకుండ ఉండే పీఎన్‌జీ బొమ్మ అని దించుకుంటే వెనక గళ్లు గళ్లుగ వస్తున్నయి.

పిల్లలమర్రి_నీడ:
ఆ గళ్లు ఫొటోలనే అచ్చై ఉన్నయి, అది నకిలీ పీఎన్‌జీ. వెతుకులాట పేజీల చిన్న బొమ్మ మీదనే గళ్లు కనిపిస్తే దాన్ని వదిలెయ్. అసలుదైతే చిన్న బొమ్మ వెనక తెల్లగ ఉండి, నొక్కినంకనే గళ్లు వస్తయి.

ఫ్రీపిక్ ఉచితంగ వాడితే వాళ్ల పేరు వెయ్యాలె, కిరీటం గుర్తున్నయి పైసలవి. ఏ స్టాక్ బొమ్మనైనా (అందరూ దించుకునేటందుకు సైట్ల పెట్టినది) షాపు లోగోగ మాత్రం చెయ్యకు, ఇంకొకడు కూడ అదే దించుకుంటడు, రేపు ట్రేడ్‌మార్క్ రాదు.

అంచుకు దానికంటే మంచి దారి చెప్త. తెల్ల ఏ4 కాయితం మీద నల్ల మార్కర్‌తోని ముగ్గులో ఒక్క ముక్క గియ్యి. కిటికీ దగ్గర, మీదినుంచి నిటారుగ ఫొటో తియ్యి, నీడ పడొద్దు. ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ల పాత్ మెనూ కింద ట్రేస్ బిట్‌మ్యాప్‌తోని ఆ ఫొటోను గీతలుగ మార్చు, దాంట్ల బ్రైట్‌నెస్ కటాఫ్ పెట్టు. గీత తెగిపోతే సంఖ్య కొంచెం పెంచు, కాయితం మరకలు వస్తుంటే తగ్గించు. చుక్కలు మిగిలితే స్పెకిల్స్ విలువ పెంచు. కోరెల్‌ల పవర్‌ట్రేస్ కూడ గదే పని. ఇది వెక్టర్, అంటే పిక్సెళ్లతోని కాక గీతల లెక్కతోని ఉండే బొమ్మ, కాబట్టి 10 అడుగులకైనా పగలదు, గీసినోనివి నువ్వే కాబట్టి ఎవ్వని పేరూ వెయ్యనక్కర లేదు.

మనుషుల మొఖాలతోని జాగ్రత్త. స్టాక్ ఫొటోల కనిపించే ఆడమనిషి పక్కన ‘మా కస్టమర్’ అని రాస్తే, ఆమె మీ షాపును మెచ్చుకున్నట్టు అయితది. ఉచిత సైట్ల షరతులు దానికి ఒప్పుకోవు. పాంప్లెట్‌ల చీర కావాలంటే షాపు చీరనే మడతపెట్టి ఫొటో తియ్యి. గద్వాల చీర బోర్డరు, పోచంపల్లి నేత దగ్గర్నుంచి తీస్తే ఏ స్టాక్ ఫొటో దానిముందు ఆగదు.

గడియారం_నల్గొండ:
ముగ్గు దారి పట్టుకున్న. ఫ్లెక్స్‌ల సీసీ బై ఫొటో వాడితే పేరు ఎక్కడ వెయ్యాలె, ఎంత సైజు?

ఛాయా_సోమేశ్వర:
ప్రింటర్ పేరు వేసే కింది మూలలోనే. ఫొటో తీసినవాళ్ల పేరు, వికీమీడియా కామన్స్, లైసెన్స్ పేరు వెర్షన్‌తో సహా ఒక్క వరుసలో వేస్తే సరిపోతుంది. కుదిరితే లైసెన్స్ లింకు కూడా. ఫొటోను కోసినా రంగు మార్చినా ‘మార్పులు చేశాం’ అని కలపాలి. 10 అడుగుల ఫ్లెక్స్‌కు అర అంగుళం అక్షరం పెట్టండి. అంచు నుంచి 3 అంగుళాలు లోపలికి జరపండి, లేకపోతే మడత, ఐలెట్లు (తాడు కట్టే రంధ్రాలు) ఆ పేరునే మింగేస్తాయి. దించుకున్న రోజే లైసెన్స్ పేజీ స్క్రీన్‌షాట్ తీసి, తేదీ వేసి డిజైన్ ఫైలు పక్కనే పెట్టుకోండి.