మోచేతి గడ్డ చిట్లి సున్నం లాంటిది వస్తోంది, పాలు మానిపించాలా?

పటమట అమ్మ:
మా పాపకి 9 ఏళ్ళండి. జువెనైల్ డెర్మటోమయోసైటిస్ (పిల్లల్లో కండరాలకి, చర్మానికి వాపొచ్చే జబ్బు) అని తేలి రెండేళ్ళయింది, స్టెరాయిడ్, వారానికోసారి మెథోట్రెక్సేట్ మందులు నడుస్తున్నాయి. మెట్లు బానే ఎక్కుతోంది, హమ్మయ్య అనుకునేసరికి మోచేతుల దగ్గర, పిర్రల మీద చర్మం కింద చింతగింజల్లా గట్టిగా తగలడం మొదలైంది. ఎక్స్‌రే తీసి కాల్షియం పేరుకుందన్నారు. మొన్న బెంచీకి మోచెయ్యి కొట్టుకుని ఒకటి చిట్లింది, చీము అనుకున్నా, కాదు, తడి సున్నం, వేళ్ళ మధ్య నలిపితే ఇసక తగిలినట్టుంది. బ్లడ్‌లో కాల్షియం మాత్రం నార్మలే! మా అత్తగారు పాలు, రాగిజావ మానిపించేయమంటున్నారు. కాల్షియం బిళ్ళ కూడా ఆపేయనా?

బ్రాడీపేట నాన్న:
అమ్మా, మీ అంతట మీరు ఆపొద్దు. మా వాడికీ ఇదే, కాల్సినోసిస్ అంటారు. తిన్నది ఎక్కువై చేరేది కాదట, వాపుతో దెబ్బతిన్న చోట కాల్షియం ఫాస్ఫేట్ గడ్డకడుతుంది, అందుకే బ్లడ్‌లో నార్మల్. పైగా స్టెరాయిడ్ వాడే పిల్లలకి ఎముకలు గుల్లబారతాయి, ఆ బిళ్ళ దానికోసం. అసలు జబ్బు పూర్తిగా అణిగిందా లేదా అన్నది అడగండి, మందు ఆలస్యమైన వాళ్ళలో ఇది ఎక్కువ వస్తుందన్నారు మా డాక్టర్. మావాడికి మొదట్లో ఎండ సరిపడక వచ్చిన దద్దుర్లని ఒకచోట ఆయింట్‌మెంట్లతో ఎనిమిది నెలలు గడిపేశారు, ఏం చెప్తాం. మోకాలి వెనక గడ్డ కట్టి కాలు చాపలేకపోయాడు, బాసింపట్టు మాత్రం వేసేవాడు, మేమేమో బద్ధకం అని తిట్టేవాళ్ళం. ఫిజియోథెరపీ రోజూ చేయిస్తే చాలావరకు చాపుతున్నాడు ఇప్పుడు.

గుంటూరు గవర్నమెంట్ నర్సు:
చిట్లినదాన్ని పిండకండి, సూదితో గుచ్చకండి. ఇన్‌ఫెక్షన్ భయం అక్కడే. ఎర్రబడినా, వేడిగా ఉన్నా, నొప్పి పెరిగినా అదే రోజు చూపించండి, జ్వరం రాలేదుగా అని ఆగొద్దు, స్టెరాయిడ్ మీద ఉన్నపిల్లకి జ్వరం బయటపడకపోవచ్చు. అలాగని భయపడి స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపేయడం ఇంకా ప్రమాదం. ఈ గడ్డలు తగ్గడానికి డిల్టియాజెమ్, పామిడ్రోనేట్ లాంటి మందులు కొందరికి ఇస్తారు, అందరికీ పనిచేస్తాయని లేదు. మరీ ఇబ్బంది పెట్టే గడ్డైతే ఆపరేషన్. కొందరికి వాటంతటవే కరిగిపోతాయి కూడా. మన బెజవాడ ఎండలో ఫుల్ చేతుల డ్రెస్ మర్చిపోకండి.

పటమట అమ్మ:
థాంక్సండి. పొద్దున చూస్తే గడ్డ చుట్టూ కొంచెం ఎర్రగానే ఉంది, సాయంత్రం దాకా ఆగకుండా ఇప్పుడే బయల్దేరుతున్నాం. రాగిజావ తాగించే తీసుకెళ్తున్నా, అత్తగారికి వచ్చాక చెప్తా.