తుఫాను రోజుల్లో సంపు నీటిని తాగవచ్చా?

ప్రశ్న (మురళీనగర్ నుంచి):
పెద్దలకు నమస్కారం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక మా మోటారు ఆడలేదు, ఆర్‌ఓ యంత్రం గోడకు అలంకారంగా మిగిలింది. మళ్ళీ తుఫానుల కాలం వస్తోంది. ఇంట్లో నలుగురం ఉన్నాం, మా అత్తగారికి డెబ్బై దాటాయి. 3,000 లీటర్ల సంపు ఉంది. అవసరపడితే ఆ నీటిలో బ్లీచింగ్ పౌడర్ కలిపి తాగవచ్చా? ఎంత కలపాలి?

సమాధానం:
అమ్మా, మోతాదు కంటే ముందు తేల్చుకోవలసింది, వీధిలోని వరద నీరు సంపులోకి దిగిందా లేదా అన్నది. దిగి ఉంటే ఆ నీటిని తాగే లెక్కలో పెట్టకండి. అందులో మురుగుతో పాటు బండ్ల నూనె, డీజిలు కూడా చేరి ఉండవచ్చు. క్లోరిన్ క్రిములను చంపుతుందే గాని వీటిని తీసివేయదు, మరిగిస్తే నీరు ఆవిరై అవి ఇంకా చిక్కబడతాయి. ఉప్పుదీ అదే సంగతి.

మూత గట్టిగా ఉండి వరద నీరు దిగకపోతే, 1,000 లీటర్ల తేట నీటికి సుమారు 2.5 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ చాలు, అంటే మీ సంపు నిండుగా ఉన్నప్పుడు 7.5 గ్రాములు. పొడిని నేరుగా చల్లకుండా కొద్ది నీటితో ముద్దగా కలిపి, బకెట్టు నీటిలో పలచన చేసి, సున్నం అడుగుకు దిగాక పైతేటను మాత్రమే సంపులో పోసి కలియబెట్టి, గంటసేపు ఆగండి. ఈ లెక్క 33 శాతం క్లోరిన్ ఉన్న పొడికి చెప్పినది. మూత విప్పి నెలల తరబడి అటక మీద పడి ఉన్న పొట్లాన్ని నమ్మకండి, దాని బలం గాలికే పోతుంది.

అయితే పెద్దావిడ తాగే నీటికి నా ఓటు మరిగించడానికే. క్రిప్టోస్పోరిడియం వంటి కొన్ని క్రిములు క్లోరిన్‌కు లొంగవు. గ్యాసు పొయ్యికి కరెంటుతో పని లేదు కదా. నీరు కళపెళ మరగడం మొదలైన తరువాత ఒక నిమిషం ఉంచితే, సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న మన ఊళ్ళో సరిపోతుంది.

ప్రశ్న:
చాలా కృతజ్ఞతలు. నీరు బురదగా ఉంటే పటిక తిప్పితే చాలదా? మా అమ్మమ్మ బిందెలో చిల్లగింజ అరగదీసేది.

సమాధానం (మరొకరు):
రెండూ మంచి పద్ధతులే, కానీ సగం పని మాత్రమే చేస్తాయి. మట్టి అడుగుకు దిగి నీరు తేరుకుంటుంది, క్రిములు మాత్రం మిగిలే ఉంటాయి. కాబట్టి తేరిన నీటిని శుభ్రమైన గుడ్డతో వడగట్టి, ఆ తరువాతే మరిగించండి. మరిగించే వీలు లేకపోతే, సువాసన, రంగు కలపని 5 నుంచి 9 శాతం క్లోరిన్ బ్లీచ్ ద్రావణాన్ని లీటరుకు రెండు చుక్కల చొప్పున కలిపి అరగంట ఆగండి. నీరు ఇంకా మసకగా ఉంటే నాలుగు చుక్కలు వేయండి. సీసా మీది శాతం చదవకుండా చుక్కలు లెక్కపెట్టడం వృథా.

నిల్వ విషయంలో మా ఇంట జరిగిన పొరపాటు చెబుతాను. శ్రద్ధగా కాచి చల్లార్చిన నీటిని వెడల్పు మూతి స్టీలు బిందెలో పోసి, పిల్లలు గ్లాసుతో ముంచుకుని తాగుతుంటే చూస్తూ ఊరుకున్నాం. చేతుల మురికి తిరిగి నీళ్ళలోకే చేరింది, కాచిన గ్యాసు దండగైంది. కాచిన నీటిలో క్లోరిన్ కాపలా ఉండదు గనుక ఏ రోజుది ఆ రోజే వాడి, కాచిన గిన్నెలోనే మూతపెట్టి ఉంచడం మేలు.

తుఫాను హెచ్చరిక వినగానే, కుళాయి నీరు మంచిగా ఉన్నప్పుడే, కుళాయి బిగించిన 20 లీటర్ల టిన్నులు మూడు నింపుకోండి. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున మీ నలుగురికి మూడు రోజులకు 48 లీటర్లు కావాలి. కిరోసిను, పురుగుమందు పోసిన డబ్బాలను ఎంత కడిగినా ఇందుకు వాడకండి.

ప్రశ్న:
టిన్నులు మేడ మీద ఎండలో ఉంచవచ్చా?

సమాధానం:
వద్దమ్మా, నీడలోనే ఉంచండి. మూత మీద నింపిన తేదీ రాయండి, ఆరు నెలలు దాటితే ఆ నీటిని మొక్కలకు పోసి మళ్ళీ నింపుకోండి.