మోంటెకాటిని టెర్మే: ఎవరూ అక్కడ బస ఒప్పుకోకండి

బెజవాడబాట:
యూరప్ ప్యాకేజీ కొనేవాళ్ళకి ముందే చెబుతున్నా. కాగితం మీద "ఫ్లోరెన్స్‌లో బస" అని ఉంటుంది. తీరా బస్సు దించేది మోంటెకాటిని టెర్మే అనే ఊళ్ళో. ఫ్లోరెన్స్‌కి దాదాపు 50 కిలోమీటర్లు. అమ్మానాన్నలతో మధ్యాహ్నం మూడింటికి దిగాం. అమ్మకి షుగర్. బజారంతా షట్టర్లు దించేసి ఉంది. హోటల్లో అడిగితే భోజనం రాత్రి ఏడున్నరకే అన్నారు. ఇలాంటి చచ్చిన ఊళ్ళో టూరిస్టులను ఎందుకు పెడతారు?

రైలుబండి_టస్కనీ:
నేను ఈ ఊళ్ళోనే ఉంటాను, రోజూ రైల్లో ఫ్లోరెన్స్ వెళ్ళి చదువుకుంటున్నాను. చచ్చిన ఊరు అనకండి. ఇది నీళ్ళ వైద్యం కోసం పెరిగిన ఊరు. 18వ శతాబ్దంలో ఈ టస్కనీ ప్రాంతాన్ని ఏలిన గ్రాండ్ డ్యూక్ పియెట్రో లియోపోల్డో చిత్తడినేల బాగుచేయించి స్నానశాలలు కట్టించాడు. పొద్దున్నే పరగడుపున ఉప్పునీళ్ళు తాగడం, చెట్ల కింద నడవడం, మధ్యాహ్నం తిని పడుకోవడం, సాయంత్రం మళ్ళీ నడక. వైద్యానికి వచ్చినవాళ్ళ దినచర్యే ఊరి దినచర్య అయింది. సంగీతకర్త వెర్డి ఏటా వేసవికి ఇక్కడికే వచ్చేవాడు. 2021లో యునెస్కో ఏడు దేశాల్లోని 11 స్పా పట్టణాలను వారసత్వ జాబితాలో చేర్చింది. ఇటలీ నుంచి ఇదొక్కటే.

బెజవాడబాట:
యునెస్కో సంగతి నేనడిగానా? మూడింటికి ఆకలేస్తే ఏం తినాలి? దానికి జవాబు చెప్పండి.

గుంటూరుకారం2:
కాఫీ బార్లు ఆ టైమ్‌లో తెరిచే ఉంటాయి అన్నా, శాండ్‌విచ్ దొరుకుతుంది. నిలబడి తింటే ధర తక్కువ, కూర్చుంటే ఎక్కువ.

బెజవాడబాట:
షుగర్ మనిషి బ్రెడ్డు ముక్క తిని మందు వేసుకోవాలా? లోపల మాంసం ఉందో లేదో ఎవరు చెబుతారు? అమ్మ శాకాహారి.

అత్తయ్య_కూకట్‌పల్లి:
మేమూ గ్రూపుతోనే వెళ్ళాం బాబూ. నాకైతే ఆ ఊరే నచ్చింది. ఫ్లోరెన్స్‌లో జనాన్ని తోసుకుంటూ నడిచి మోకాళ్ళు పట్టేశాయి. ఇక్కడ పార్కులో నీడ, బెంచీలు. కొండమీది పాత ఊరికి ఎర్ర రైలుపెట్టెలో వెళ్ళాం, 1898 నుంచి నడుస్తోందట. బాదం, చక్కెర పెట్టిన పల్చటి బిస్కెట్లు అమ్ముతారు, చాల్దే అంటారు. గుడ్డు వేస్తారు, తిననివాళ్ళు అడిగి కొనుక్కోండి.

వైజాగ్_ఉక్కు:
లుక్కా అనే పాత ఊరు అక్కణ్ణించి రైల్లో అరగంట. మకాం పెట్టడానికి మంచి ఊరే.

రైలుబండి_టస్కనీ:
మన బస్సులు చాలావరకు చీకటి పడ్డాక వస్తాయి, తెల్లారగానే పోతాయి. తెత్తుచ్చో స్నానశాల అక్కడే ఉంటుంది, 1928లో పూర్తయిన ఆ స్తంభాల వరస ముందు నిలబడి చూసేవాళ్ళు కూడా ఉండరు. ఇంటికెళ్ళి ఊళ్ళో ఏమీ లేదని రాస్తారు.

బెజవాడబాట:
మా బస్సులు రాకపోతే ఆ హోటళ్ళ గతేమిటి? ప్రభుత్వ ఖర్చుతో నీళ్ళ వైద్యానికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు, స్నానశాలలు నడిపే సంస్థ అప్పుల్లో పడింది. అక్కడి పేపర్లలోనే వచ్చింది. మా డబ్బుతో బతుకుతూ వేళకి మాకు అన్నం పెట్టరా? మీరు అక్కడ గిన్నెలు కడుక్కుంటూ ఆ ఊరి తరఫున వకాల్తా పుచ్చుకున్నారు.

నిర్వాహకుడు:
వ్యక్తిగత మాటలు వద్దు. ఇంకోసారి అంటే చర్చ మూసేస్తాం.

రైలుబండి_టస్కనీ:
కడుగుతున్నాను, దాచుకునేదేముంది? స్టూడెంట్ పర్మిట్ మీద వారానికి 20 గంటలే పని చేయనిస్తారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వంటింట్లో నేల తుడిచేసరికి మూడవుతుంది. మా వంట మాస్టరు పొద్దున తొమ్మిదికి వస్తే రాత్రి పదకొండుకి వెళ్తాడు. పిల్లల మొహం చూసేది ఆ మధ్యాహ్నం వ్యవధిలోనే. డబ్బు కట్టాం కాబట్టి ఆ వేళ కూడా మాదే అంటే నేను ఒప్పుకోను. మా నాన్న హోటల్లో సర్వరు. తెల్లవారుజామున ఇడ్లీ మొదలుపెట్టి రాత్రి చివరి పార్సిల్ కట్టేదాకా ఆయన కూర్చోవడం నేను చూడలేదు.

బెజవాడబాట:
మీ నాన్నగారంటే గౌరవమే. నా సంగతీ వినండి. మా నాన్న సివిల్ ఇంజనీరుగా రిటైరయ్యారు. ఫ్లోరెన్స్ కెథడ్రల్ గోపురాన్ని బ్రునెలెస్కి సెంట్రింగ్ లేకుండా లేపాడని మాకు చిన్నప్పటి నుంచి చెప్పేవారు. ఆ ఊళ్ళోనే బస అన్నారు కాబట్టి తీరిగ్గా చూడొచ్చని ఆశపడ్డారు. దక్కింది ఒక పూట, అదీ బయటి నుంచి. ఆయన్ని మళ్ళీ పంపగలనో లేదో తెలియదు. ఆ ఊరి ప్రశాంతత నాకెందుకు?

రైలుబండి_టస్కనీ:
అది మోసమే. బ్రోషర్ దాచుంటే వినియోగదారుల ఫోరంలో వేయండి. ఈ శీర్షికలో మాత్రం ఊరి పేరు తీసేసి ఏజెంటు చేసిన పని రాయండి.

బెజవాడబాట:
తీయను. ఊరి పేరు ఉంటేనే కదా జనం తమ ప్యాకేజీలో వెతుక్కునేది.

కొత్తసభ్యురాలు_నెల్లూరు:
మా ప్యాకేజీలో ఈ ఊరి పేరు స్పష్టంగానే రాశారు. ఫ్లోరెన్స్ రోజున గ్రూపుని వదిలి మేమే రైల్లో వెళ్ళొచ్చా?

రైలుబండి_టస్కనీ:
వెళ్ళొచ్చండి, గంట ప్రయాణం. రీజనల్ రైలు, రిజర్వేషన్ అక్కర్లేదు. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫామ్ మిషన్‌లో ముద్ర వేసుకోండి, లేకపోతే ఫైన్ వేస్తారు. గోపురం ఎక్కాలంటే ముందే టైమ్ బుక్ చేసుకోవాలి. 463 మెట్లు, లిఫ్ట్ లేదు. పెద్దవాళ్ళుంటే చూసుకుని తీసుకోండి.