గుల్లల్లో ఉండే టాంగన్యీకా చేపలు: ఒక ఆడచేపను మిగతావి తరిమేస్తున్నాయి, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. రెండు నెలల క్రితం ఆరు మల్టీలు తెచ్చుకున్నాను. పూర్తి పేరు నియోలాంప్రోలోగస్ మల్టీఫాసియాటస్. మగది కూడా బొటనవేలంత ఉంటుంది, అంతే. ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సు అడుగున నియోథామా అనే నత్తల ఖాళీ గుల్లలు గుట్టలుగా పడి ఉంటాయి. ఇవి వాటిలోనే కాపురం ఉండి, వాటిలోనే గుడ్లు పెడతాయి.

నాది 75 లీటర్ల ట్యాంక్. అడుగున సన్నని ఇసుక, పీహెచ్ 8.2, వేడి 26 డిగ్రీలు. ఆ గుల్లలు ఇక్కడ దొరకవు కాబట్టి పొలం నత్తల గుల్లలు ఎనిమిది తెచ్చి, ఉడకబెట్టి వేశాను. పెద్ద మగచేప నోటితో ఇసుక తోడి గుల్లను మూతి దాకా పూడ్చేస్తుంది. గంటలకొద్దీ చూస్తూ కూర్చుంటాను.

సమస్య ఒక చిన్న ఆడచేపతో. ఏ గుల్లలో దూరబోయినా తరిమేస్తున్నాయి. ఇప్పుడు ఫిల్టర్ వెనకాల, నీటి పైభాగంలో బిక్కుబిక్కుమంటూ ఉంటోంది. తోక అంచు చిరిగింది. నిన్నటి నుంచి మేత కూడా ముట్టలేదు, చాలా టెన్షన్‌గా ఉంది.

గుల్లల సంఖ్య పెంచితే సరిపోతుందా? చేపకు మూడు చొప్పున వేయమని ఒకరన్నారు. లేక వెంటనే వేరే ట్యాంక్‌లోకి మార్చాలా? మారిస్తే తర్వాత మళ్లీ గుంపులోకి రానిస్తాయా? పెంచిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. ఆ చేపను పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.