నిఖా డ్రెస్‌కి ఏ గుడ్డ? అద్దంలో నిండుగా ఉంటే చాలదు, ఫొటోలోనూ ఉండాలి

కడప_చెల్లి:
అస్సలాము అలైకుమ్. డిసెంబర్‌లో నా నిఖా. మూసిన మెడ, మణికట్టు దాకా చేతులు, నేలను తాకే గౌను, హిజాబ్, దాని పైన దుప్పట్టా. ఇంతవరకు తేలింది, గుడ్డ దగ్గరే ఆగిపోయా. మా ఖాలా కూతురు తన పెళ్ళికి తెల్ల జార్జెట్ వేసుకుంది. అద్దంలో ఎంత నిండుగా ఉందో! ఆల్బమ్ వచ్చాక చూస్తే సగం ఫొటోల్లో కాళ్ళ ఆకారం తెలిసిపోతోంది. పాపం, ఆ ఆల్బమ్ ఇప్పటికీ బీరువాలో బట్టల కిందే ఉంది. అమ్మీ నన్ను సాటిన్ తీసుకోమంటోంది, ఫొటోలో మెరుస్తుందని. పెళ్ళయినవాళ్ళు, కుట్టేవాళ్ళు, తెలిసింది చెప్పండి. మగ్గం వర్క్‌తో కలిపి 25 వేలు పెట్టగలను.

గుంటూరు_ఆపా:
వ అలైకుమ్ అస్సలామ్, ముబారక్ చెల్లీ. నాకు జరిగింది చెప్తా. చేతులకి, మెడకి నెట్ వేయించి లోపల ఒంటి రంగు లైనింగ్ పెట్టించా. "లైనింగ్ ఉన్నట్టే తెలీదు మేడమ్" అన్నారు షాపులో. అదే నా కొంప ముంచింది. ఫొటోల్లో లైనింగ్ ఒంట్లో కలిసిపోయి చేతులు బోసిగా కనిపిస్తున్నాయి. లోపల గుడ్డ ఉందని నాకు తెలుసు, చూసేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? మా అత్తగారు ఒక ఫొటో చేతిలో పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నెట్ ఏ రంగైతే లైనింగ్ కూడా అదే రంగు పెట్టించు. ఒంటి రంగు జోలికి పోకు.

కర్నూలు_మగ్గం_వర్క్:
12 ఏళ్ళుగా పెళ్ళి బట్టలు కుడుతున్నా. ఫ్లాష్ పడితే సాటిన్ అంతా ఒకేలా మెరవదమ్మా. ఒంట్లో ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడ తెల్లగా మెరుస్తుంది: ఛాతీ, పొట్ట, కూర్చుంటే తొడలు. ఎంత వదులుగా కుట్టినా ఆ వెలుగే ఒంటి ఆకారాన్ని గీసి చూపిస్తుంది. సాటినే కావాలంటే క్రేప్ బ్యాక్ రకం తీసుకుని, మెరుపు లేని వెనకవైపు బయటికి పెట్టి కుట్టించు. మెరిసే వైపు అంచుకి, చేతుల పట్టీకి వాడుకోవచ్చు. నేను నలుగురికి అలాగే కుట్టా.

నన్నడిగితే రా సిల్క్. పోగు అక్కడక్కడా లావుగా ఉంటుంది కాబట్టి మెరుపు మెత్తగా ఉంటుంది, బిరుసు గుడ్డ కాబట్టి ఒంటికి అతుక్కోదు. కూర్చుంటే నడుం దగ్గర నలుగుతుంది, బిగుతుగా కుడితే కుట్టు దగ్గర పోగులు విడిపోతాయి. మీకు ఎలాగూ వదులే కావాలి కదా. ఒంటి మీంచి జారినట్టు పడాలంటే మందపాటి క్రేప్. జార్జెట్ మీదే మనసుంటే, 60 గ్రాముల పల్చటి రకం ఒక్క పొర అస్సలు వద్దు, రెండు పొరలు వేసి కింద క్రేప్ లైనింగ్ పెట్టాలి. లైనింగ్ మోకాళ్ళ కిందే ఆపేసే దర్జీలున్నారు. "నేల దాకా" అని బిల్లు మీద రాయించుకో.

షాపులో గుడ్డనీ లైనింగ్‌నీ కలిపి పట్టుకుని, వెనక నీ చెయ్యి, దాని వెనక ఫోన్ టార్చ్ పెట్టి చూడు. వేళ్ళు లెక్కపెట్టగలిగితే ఆ గుడ్డ అక్కడే వదిలెయ్.

నెల్లూరు_కెమెరా_అన్న:
చెల్లెమ్మా, కాళ్ళ ఆకారం ఎక్కువగా బయటపెట్టేది వెనక లైటు. స్టేజీ వెనక ఫోకస్, సాయంత్రపు ఎండ, కిటికీ, ఇవి వెనక ఉంటే పల్చటి గుడ్డ తెరలా అయిపోతుంది. వెనక లైటు పెట్టొద్దని ఫొటోగ్రాఫర్‌కి ముందే చెప్పండి, మొహమాటపడొద్దు. మల్లెపువ్వు తెలుపైతే ఫ్లాష్‌కి మగ్గం వర్క్ అంతా తెల్లకాగితంలా కలిసిపోతుంది. ఐవరీ, లేత గులాబీ అయితే పూస పూస తెలుస్తుంది. గౌను ఒక తెలుపు, హిజాబ్ ఇంకో తెలుపు అయితే ఫొటోలో రెండిట్లో ఒకటి పాతదానిలా కనిపిస్తుంది, అందుకే పక్కపక్కన పెట్టి కొనండి. సన్న గీతలు, సన్న గళ్ళు వద్దు, వీడియోలో పురుగులు పాకినట్టు మెదులుతాయి.

పాతబస్తీ_బేటీ:
మా ఇంట్లో వలీమాకి, అంటే పెళ్ళి తర్వాతి విందుకి, ఖడా దుప్పట్టానే. కుర్తీ, చూడీదార్, పైన 6 గజాల దుప్పట్టా. టిష్యూది తీసుకుంటే జరీ పోగు వల్ల ఫొటోలో బంగారు పొగలా ఉంటుంది, కానీ మడత పడిందా, ఇస్త్రీకి ఒక పట్టాన పోదు. నేను గొట్టానికి చుట్టి తీసుకెళ్ళా. బరువు మాత్రం జాగ్రత్త! దుప్పట్టా హిజాబ్‌ని వెనక్కి లాగేస్తుంది. లోపల కాటన్ టోపీ వేసుకుని, దుప్పట్టాని భుజాల దగ్గర కూడా పిన్ చేయించుకో. షిఫాన్ హిజాబ్ ఊరికే జారిపోతుంది. దూల్హా షేర్వానీకి హైదరాబాద్ పత్తర్‌గట్టీ వైపు మష్రూ దొరుకుతుందేమో అడుగు. పైన పట్టు, ఒంటికి తగిలేవైపు నూలు ఉండే నేత అది, మగవాళ్ళకి పట్టు తగదనే అలా నేశారు.

కడప_చెల్లి:
అందరికీ జజాకల్లాహ్ ఖైర్. నాలుగు రకాలు అర మీటరు చొప్పున కొన్నా. నిన్న హాలు వాచ్‌మన్‌ని బతిమాలి స్టేజీ లైట్లు వేయించాం. అమ్మీ పెళ్ళికూతురి కుర్చీలో కూర్చుని ఒక్కో ముక్కా ఒళ్ళో పరుచుకుంది, నేను ఫ్లాష్‌తో తీశా. సాటిన్ ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చూసింది. రెండు మోకాళ్ళ మీద రెండు తెల్ల మచ్చలు. ఫోన్ నాకిచ్చేసి, "ఇది వద్దులే బేటా" అంది. ఐవరీ రా సిల్క్‌లో మోకాళ్ళు ఎక్కడున్నాయో కూడా తెలీలేదు. టార్చ్ పెట్టినా ఒక్క వేలూ కనపడలేదు. అదే ఖాయం. నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, ఎన్ని మీటర్లు కొనాలి?

కర్నూలు_మగ్గం_వర్క్:
44 అంగుళాల పన్నా అయితే, కలీలు, అంటే పైన సన్నగా కింద వెడల్పుగా ఉండే ముక్కలు, పెట్టి కుడితే 6 మీటర్లు తీసుకో. లైనింగ్ కూడా అంతే. ఆ లైనింగ్‌ని ముందు ఒకసారి నీళ్ళలో తడిపి ఆరేసి అప్పుడు దర్జీకివ్వు. కొన్ని క్రేప్‌లు తడిస్తే పొట్టి అవుతాయి, కుట్టాక అయితే గౌను అంచు పైకి లాగేస్తుంది.