ఆరేళ్ల నీటి తాబేలుకు రొయ్యలు మాన్పించి ఆకులు అలవాటు చేయడం సబబేనా?

సత్యనారాయణపురం (విజయవాడ):
మా ఇంట్లో ఆరేళ్లుగా ఒక ఎర్రచెవుల తాబేలు ఉంది. దుకాణాల్లో దీన్ని రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు. రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దగా ఉన్నప్పుడు తెచ్చాము, ఇప్పుడు దాని డిప్ప ఏడు అంగుళాలు దాటింది. మొదటినుంచీ డబ్బాలో అమ్మే ఎండు రొయ్యలే దాని తిండి. డిసెంబరు మొదటి వారం నుంచి మలం సరిగా రాకపోవడం, వచ్చినా అందులో రొయ్యపొట్టు అరగకుండా కనిపించడం గమనించి పశువైద్యుడికి చూపిస్తే, ఎదిగిన తాబేలుకు ఇంత మాంసాహారం అక్కర్లేదనీ, ఆకుకూరలు అలవాటు చేయమనీ చెప్పారు. ఆ రోజు నుంచి తోటకూర, పాలకూర వేస్తున్నాను. పదకొండు రోజులైనా ముట్టలేదు. నోరులేని జీవాన్ని కడుపు మాడుస్తున్నావని మా అమ్మ రోజూ కోప్పడుతున్నారు. ఇలాగే పట్టుబట్టాలా, లేక రొయ్యలకే తిరిగి రావాలా?

బ్రాడీపేట 4వ లైను (గుంటూరు):
పట్టుబట్టండి, కానీ ఆకులు మార్చండి. ఈ జాతి పిల్లలు పెరుగుదల కోసం పురుగులు, చిన్న చేపల వంటివి ఎక్కువగా తింటాయి; వయసు వచ్చేకొద్దీ వాటి తిండిలో నీటి మొక్కల వాటా పెరుగుతుంది. మీ వైద్యుడు చెప్పింది ఈ లెక్కనే. అయితే మీరు వేసిన తోటకూర, పాలకూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ. అవి కాల్షియాన్ని పట్టేసి ఒంటికి అందనీయవు. గోంగూరదీ అదే దోషం. గుంటూరులో ఉండి గోంగూరను కాదనడం నాకే కష్టంగా ఉంది, అయినా తాబేలుకు అది వద్దు. మునగాకు, మందార ఆకు, గుమ్మడికాయ తురుము వాడండి. అన్నిటికంటే అజొల్లా అనే చిన్న నీటి మొక్క మేలు. పాడి రైతులు పశువుల దాణా కోసం తొట్లలో పెంచుతారు గనుక దొరకడం కష్టం కాదు, పైగా నీటిమీద తేలుతూ కదులుతుంటుంది గనుక తాబేలు వెంటాడి తింటుంది. ఖర్చు లేదు కదా అని కాలువలోని గుర్రపుడెక్క మాత్రం తేకండి. మురుగునీటిలోని భారలోహాలను ఆ మొక్క తనలోకి లాగుకుంటుంది.

భవానీపురం (విజయవాడ):
పై మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. తాబేలును ఆవుగా మార్చాలని చూడకండి. వాగుల్లో, చెరువుల్లో ఎదిగిన ఎర్రచెవుల తాబేళ్లు సైతం నత్తలను, పురుగులను, చచ్చిన చేపలను వదిలిపెట్టవు. ఇక్కడి తప్పు మాంసాహారానిది కాదు, ఆరేళ్లు ఒకే ఎండు పదార్థాన్ని పెట్టడానిది. వట్టి కండలో భాస్వరం మెండుగా, కాల్షియం బొత్తిగా తక్కువగా ఉంటుంది. తాబేలు తిండిలో భాస్వరం ఒక పాలైతే కాల్షియం సుమారు రెండు పాళ్లు ఉండాలి. అందుకే చికెన్ ముక్కలకంటే పొట్టుతో సహా పచ్చి రొయ్య, గుల్లతో సహా నత్త నయం. పచ్చి చేప రోజూ పెట్టడం కూడా మంచిది కాదు, ఎందుకంటే కార్పు జాతి చేపలు చాలావాటిలో బి1 విటమిన్‌ను నాశనం చేసే ఎంజైము ఉంటుంది. రోజువారీ తిండికి ఆధారంగా మంచి గుళికల దాణా పెట్టుకుని, ఆకులను, రొయ్యలను దానికి తోడుగా చూడడం నా పద్ధతి.

అరండల్‌పేట (గుంటూరు):
ఏం పెట్టాలన్న వాదనలో పడి, అది అరిగేది దేనివల్ల అన్న సంగతి మీరిద్దరూ వదిలేశారు. తాబేలు ఒంట్లో సొంత వేడి పుట్టదు. నీటి వేడి, ఎండ వేడి ఎంతో, దాని జీర్ణశక్తి అంత. మన దగ్గర డిసెంబరు, జనవరి రాత్రుళ్లు 20 డిగ్రీల లోపుకు దిగుతాయి. సిమెంటు తొట్టి నీరు తెల్లవారేసరికి చల్లబడి ఉంటుంది. ఆ చలిలో రొయ్య వేసినా, మునగాకు వేసినా పేగుల్లో కదలిక ఉండదు, ఆకలీ పుట్టదు. తొట్టి ఎక్కడ ఉంది? నీరు ఎన్ని డిగ్రీలుంది? ఒళ్లు ఆరబెట్టుకోవడానికి రాయి గానీ చెక్క గానీ ఉందా? కిటికీ అద్దంలోంచి పడే ఎండను లెక్కలోకి తీసుకోకండి, ఎముకకు, డిప్పకు కావలసిన అతినీలలోహిత (యూవీబీ) కిరణాలను అద్దం చాలావరకు ఆపేస్తుంది. మరొక మాట: తిండిని నీళ్లలోనే వేయాలి, ఈ తాబేళ్లు గట్టుమీద మింగలేవు.

విషయం కాకపోయినా ఒకటి చెప్పాలి. ఈ చర్చ చదివి నక్షత్ర తాబేలును ఇంట్లో పెట్టుకుని ఆకులు వేస్తున్నవారెవరైనా ఉంటే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరమని తెలుసుకోవాలి.

సత్యనారాయణపురం (విజయవాడ):
తొట్టి పెరటిలో వేపచెట్టు కింద ఉంది. మీ మాట చదివి ఉదయం ఆరింటికి థర్మామీటరు ముంచి చూస్తే 19 డిగ్రీలు చూపింది. ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఈ పని చేయనందుకు సిగ్గేసింది. అదే రోజు హీటరు తెచ్చి నీటిని 26 డిగ్రీల దగ్గర నిలిపాను. తొట్టిని నేరుగా ఎండ పడే చోటికి, సగం నీడ ఉండేలా జరిపి, ఒక మూల పెంకు మెట్టు కట్టాను. నాలుగో రోజున కడుపు కదిలింది. ఐదో రోజున గుళికలు నాలుగు తిన్నది. ఉండవల్లి వైపు ఒక పాడి రైతు ఇచ్చిన అజొల్లాను మొదట మూతితో నెట్టేసి, సాయంత్రానికి సగం ఖాళీ చేసింది.

బ్రాడీపేట 4వ లైను (గుంటూరు):
సంతోషమండి. ఇక ఎండు రొయ్యల డబ్బా తెరవకండి. ఆ రుచి మళ్లీ తగిలితే ఆకుల వైపు చూడదు.

భవానీపురం (విజయవాడ):
ఎండు రొయ్యలు వద్దన్నంతవరకు సరే. వారానికొకసారి పొట్టుతో పచ్చి రొయ్య ఒకటి పెట్టడాన్ని మాత్రం నేను ఇప్పటికీ సమర్థిస్తాను. ఎదిగిన తాబేలుకు రోజు విడిచి రోజు, దాని తల పరిమాణంలో గుళికలు చాలు. ఆకులు ఎప్పుడూ తేలుతూ ఉండవచ్చు.

బ్రాడీపేట 4వ లైను (గుంటూరు):
నెలకు రెండుసార్లయితే ఒప్పుకుంటాను.

సత్యనారాయణపురం (విజయవాడ):
మీ బేరం తేలేలోపు మా అమ్మ ఈ ఉదయమే ఒక పచ్చి రొయ్య వేసేశారు. పొట్టు తీయకుండానే వేశారు.