అప్‌డేట్: గర్భసంచి ఆపరేషన్ అయింది

ఫైబ్రాయిడ్స్ (గర్భసంచిలో పెరిగే క్యాన్సర్ కాని గడ్డలు) వల్ల గర్భసంచి తీసేయాలన్నారు, అండాశయాలూ తీయించుకోవాలా, తర్వాత ఎలా ఉంటుంది అని ఆ మధ్య అడిగాను కదా. ల్యాపరోస్కోపీలోనే, అంటే పొట్టకి చిన్న చిన్న రంధ్రాలు పెట్టి చేసేశారు. అండాశయాలు బాగానే ఉన్నాయని ఉంచేశారు, కాబట్టి మెనోపాజ్ (అండాశయాలు పనిచేయడం ఆగిపోయే దశ) ఒక్కసారిగా మీద పడే బెడద లేదు.

నన్ను ఎక్కువ ఏడిపించింది కుట్లు కాదు, భుజం నొప్పి! ఆపరేషన్ కోసం పొట్టలోకి ఎక్కించిన గ్యాస్ వల్లేనట. లేచి నాలుగడుగులు వేస్తుంటే తగ్గింది. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా పొట్టకి దిండు అదిమి పట్టుకోమని చెప్పిన అక్కకి దండం. మలబద్ధకం సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదేంటండీ? కొద్దిగా స్పాటింగ్ (రక్తం మరకలు) ఉంది, మామూలేనట. బ్లీడింగ్ ఎక్కువైనా, జ్వరం వచ్చినా వెంటనే రమ్మన్నారు.

6 వారాలు బరువులు ఎత్తొద్దన్నారు. నీళ్ల బిందె మా ఆయనే మోస్తున్నారు, సగం నేల మీదే పోస్తూ.